దుర్గ్‌లో తెర మీది పాఠానికి యాభై ఏళ్లు

ఆన్‌లైన్ తరగతి కావాలా, గదిలో తరగతి కావాలా అని విశ్వవిద్యాలయ విద్యార్థులను అడిగే సర్వేలు 2020 తర్వాత మన దేశంలో లెక్కకు మిక్కిలిగా వచ్చాయి. జూమ్ మేలా, గూగుల్ మీట్ మేలా? ప్రత్యక్ష ప్రసారం మేలా, రికార్డు చేసిన వీడియో మేలా? పూర్తిగా తెర మీదనా, సగం తెర, సగం గదా? ప్రశ్నావళి నింపడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాల జవాబులను శాతాలుగా మార్చి, ‘నేటి తరం ఆన్‌లైన్‌ను ఇష్టపడుతోంది’ అనో, ‘మిశ్రమ విధానానికే విద్యార్థుల మొగ్గు’ అనో తేల్చేస్తారు. ఆ తేల్చిన మాటను పట్టుకుని పైనున్నవారు విధానాలు రాస్తారు.

ఈ ప్రశ్న మహమ్మారితో పుట్టిందని చాలామంది భావిస్తున్నారు. నిజానికి దీనికి చాలా పాత చరిత్ర ఉంది. ఆ చరిత్రను ఢిల్లీ నుంచి చూస్తే పథకాల పేర్లు, ప్రారంభోత్సవాల తేదీలు మాత్రమే కనిపిస్తాయి. ఒక జిల్లాలో నిలబడి చూస్తే వేరే సంగతి బోధపడుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లా అందుకు తగిన చోటు. భిలాయి ఉక్కు కర్మాగారం ఉన్న ఈ జిల్లా రాత్రి షిఫ్టు దిగివచ్చి పరీక్షకు చదివే కార్మికుణ్ణి చూసింది, ఉపగ్రహం పంపిన పాఠాన్ని చూసింది. కాగితం మీది విశ్వవిద్యాలయాలను, వాట్సాప్ తరగతిని, ఐఐటీని చూసింది. ఈ అరవై డెబ్బై ఏళ్లలో విద్యార్థి ‘ఇష్టం’ అని మనం లెక్కగట్టినదంతా చాలావరకు అతని చేతిలో ఏముందో దానికి మరో పేరు. దాన్ని స్వేచ్ఛగా చేసుకున్న ఎంపికగా చదవడం ప్రభుత్వాలకు ఎప్పుడూ లాభసాటిగానే ఉంది. నా వాదన ఇదే.

భిలాయి నుంచే మొదలుపెడదాం. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. వరిపొలాల మధ్య ఒక్కసారిగా లేచిన ఈ ఊరికి దేశం నలుమూలల నుంచీ మనుషులు వచ్చారు. విజయనగరం–రాయపూర్ రైలు మార్గం అప్పటికే ఉండటం వల్ల ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారు చాలామంది. సెక్టార్లలోని కంపెనీ క్వార్టర్లలోనూ, ఖుర్సీపార్ వంటి కార్మికవాడల్లోనూ ఈనాటికీ తెలుగు వినిపించడం అందువల్లనే.

ఇక్కడ చదువంటే మొదట శిక్షణ. వందలాది ఇంజనీర్లను సోవియట్ కర్మాగారాలకు పంపి నేర్పించారు. ఇక్కడికి వచ్చిన రష్యన్ నిపుణులు దుబాసీల సాయంతో కొలిమి పక్కనే నిలబడి నేర్పించారు. గురువు, శిష్యుడు, యంత్రం ముగ్గురూ ఒకేచోట ఉండే తరగతి అది. అంతకంటే ప్రత్యక్షమైన పాఠం మరొకటి ఉండదు. కానీ ఉద్యోగంలో కుదురుకున్న కార్మికుడు పైమెట్టు ఎక్కాలంటే డిగ్రీ కావాలి. వారం వారం మారే షిఫ్టులో ఉన్నవాడు ఉదయం పది గంటల కళాశాలకు ఎలా వెళ్తాడు? అతనికి రెండే దారులు. ఒకటి, ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ నిర్వహించే ఏఎంఐఈ పరీక్ష. క్వార్టర్‌లో కూర్చుని సొంతంగా చదువుకుని రాయాలి. ప్యాసైతే అప్పట్లో ఇంజనీరింగ్ డిగ్రీతో సమానం. దేశంలోని ప్రభుత్వరంగ కర్మాగారాలన్నింటిలోనూ ఒక తరం సూపర్‌వైజర్లు ఇలాగే ఇంజనీర్లయ్యారు.

రెండో దారి ఈ ప్రాంతపు విశ్వవిద్యాలయాల్లో నేటికీ ఉంది. ‘స్వాధ్యాయీ ఛాత్ర్’ అంటారు. మన దగ్గర ప్రైవేటుగా పరీక్ష కట్టడం అనేవారే, అదే. ఫీజు కట్టి, తరగతికి రాకుండా, సంవత్సరాంతంలో పరీక్ష రాసి బీఏ, బీకాం, ఎంఏ పూర్తి చేయవచ్చు. 1964లో రాయపూర్‌లో ఏర్పడిన రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం కింద దుర్గ్ కళాశాలలు ఉన్న కాలంలోనూ ఈ విద్యార్థులు ఉన్నారు. 2015లో దుర్గ్‌కు సొంత విశ్వవిద్యాలయం (ఇప్పటి హేమ్‌చంద్ యాదవ్ విశ్వవిద్యాలయం) వచ్చాకా ఉన్నారు. ఎవరు వీరు? పనికి పోయే యువకులు, పెళ్లయిన యువతులు, కళాశాల ఉన్న ఊరికి బస్సు లేని పల్లెలవారు. తరగతి గది పట్ల వీరికి విముఖత ఉందని ఎవరైనా అనగలరా? తరగతి గది వీరి దాకా రాలేదు, అంతే. ఆన్‌లైన్ చదువు గురించి మాట్లాడేటప్పుడు మనం ఈ పాత దూరవిద్యార్థిని మరచిపోతాం. అతనికి తెర కూడా లేదు, గైడు పుస్తకం మాత్రమే ఉంది.

ఇక ఆకాశం సంగతి. 1975 ఆగస్టు 1న దేశంలో ఒక అసాధారణ ప్రయోగం మొదలైంది. ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం, క్లుప్తంగా ‘సైట్’. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక ఏడాది పాటు మనకు అరువిచ్చింది. ఆరు రాష్ట్రాల్లో 20 జిల్లాలు, సుమారు 2,400 గ్రామాలు. ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలు. నాటి మధ్యప్రదేశ్ నుంచి రాయపూర్, బిలాస్‌పూర్, దుర్గ్. బాలోద్, బేమెతరా ఇంకా విడిపోని పెద్ద దుర్గ్ జిల్లా అది. ఎమర్జెన్సీ విధించి ఆరు వారాలైనా కాలేదు. పత్రికలకు సెన్సారు ఉన్న కాలంలో పల్లెలకు టెలివిజన్ వెళ్లింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవడం పాఠకులకే వదిలేస్తాను.

కోళ్ల గూళ్లకు వాడే తీగ వలతో చేసిన పదడుగుల యాంటెన్నా, దాని కింద ఒక టీవీ పెట్టె, ముందు నేల మీద ఊరంతా. ఉదయం గంటన్నర బడి పిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. హిందీ, తెలుగు, కన్నడ, ఒడియా భాషల్లో కార్యక్రమాలు. ఒకే దృశ్యానికి రెండు భాషల ధ్వనిని ఒకేసారి పంపే ఏర్పాటు ఆ ఉపగ్రహంలో ఉండేది. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్ కేంద్రంలో తయారయ్యేవి. భిలాయిలో కొలిమి ఉన్నా, చాలా మధ్యతరగతి ఇళ్లలో టీవీ లేని కాలమది. అదే జిల్లాలో కొన్ని పల్లెలకు పట్టణం కంటే ముందు తెర వచ్చింది.

ఈ ప్రయోగాన్ని నడిపింది అహ్మదాబాద్‌లోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం. దాని డైరెక్టర్ ప్రొఫెసర్ యశ్‌పాల్. విక్రమ్ సారాభాయ్ కన్న కలను ఆయన మరణానంతరం ఆచరణలో పెట్టిన భౌతిక శాస్త్రవేత్త. ఈ పేరు గుర్తుంచుకోవాలి, మళ్లీ రెండుసార్లు వస్తుంది. సైట్‌లో నాకు అన్నింటికంటే ముఖ్యంగా తోచేది పిల్లల కార్యక్రమం కూడా కాదు, ఉపాధ్యాయుల శిక్షణ. దాదాపు యాభై వేల మంది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు సెలవుల్లో విజ్ఞానశాస్త్ర బోధన మీద శిక్షణ ఇచ్చారు. టీవీ పాఠం చూడటం ఒక భాగం. చేతితో ప్రయోగం చేయడం, పక్కన ఉండే మార్గదర్శకుడితో చర్చించడం మిగతా భాగం. అంటే తెరను మనిషికి బదులుగా నిలబెట్టలేదు, మనిషి చేతికి ఇచ్చారు. ఇవాళ ‘మిశ్రమ విధానం’ అని కొత్తగా చెబుతున్న దాన్ని 1975లోనే చేసి చూపించారు.

1976 జూలై 31తో గడువు తీరింది. నాసా తన ఉపగ్రహాన్ని వెనక్కి జరుపుకుంది. పల్లెల్లో తెరలు ఖాళీ అయ్యాయి. కొన్ని చోట్ల భూమ్మీది ట్రాన్స్‌మిటర్లతో కొనసాగించారుగాని, ఆ ఊపు అక్కడితో తగ్గింది. తెర కావాలా అని ఊరిని అడిగి ఇవ్వలేదు, అక్కర్లేదా అని అడిగి తీసుకుపోనూ లేదు.

తర్వాతి పదిహేనేళ్లను త్వరగా దాటవచ్చు, ఒక్క ఆంధ్ర ఘట్టం దగ్గర తప్ప. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లోనే ఉత్తరాల ద్వారా చదువు మొదలుపెట్టింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో అందుకుంది. 1982లో, భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉన్న కొద్ది నెలల్లోనే, దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్ కేంద్రంగా పుట్టింది. వ్యవస్థాపక ఉపకులపతి ప్రొఫెసర్ జి. రామిరెడ్డి. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు దానికీ ఆయన్నే మొదటి ఉపకులపతిగా తీసుకుపోయారు. 1991లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు పెట్టారు. ఆ విద్యార్థులకు రేడియో పాఠాలుండేవి, వీడియో పాఠాలుండేవి, అధ్యయన కేంద్రాల్లో సెలవురోజు తరగతులుండేవి. వాటన్నింటిలో దీర్ఘకాలం నిలిచింది ఏది? తెలుగులో అచ్చువేసిన పాఠ్యపుస్తకం. గ్రూప్స్ పరీక్షలకు చదివేవారి గదుల్లో, ఆ విశ్వవిద్యాలయంలో ఎన్నడూ చేరనివారి చేతుల్లో సైతం ఆ పుస్తకాలు కనిపిస్తాయి. కరెంటు పోయినా చదవవచ్చు, మళ్లీ మళ్లీ తిరగేయవచ్చు, మరొకరికి ఇవ్వవచ్చు. మాధ్యమం మీద విద్యార్థుల అభిరుచిని ఎవరైనా నిజాయతీగా కొలవదలిస్తే ఇక్కడ మొదలుపెట్టాలి.

1984 ఆగస్టు 15న యూజీసీ ‘దేశవ్యాప్త తరగతి గది’ పేరిట దూరదర్శన్‌లో కార్యక్రమాలు మొదలుపెట్టింది. చిన్న పట్టణాల డిగ్రీ విద్యార్థులే దాని లక్ష్యం. ప్రసారం పగటి వేళ, ప్రధానంగా ఇంగ్లీషులో. ఆ సమయంలో విద్యార్థి కళాశాలలో ఉంటాడు, కళాశాలలో టీవీ ప్రిన్సిపాల్ గదిలో ఉంటుంది. 1986 నుంచి 1991 వరకు యూజీసీ అధ్యక్షుడిగా ఉన్నది ఆ యశ్‌పాల్‌గారే. జనం ఆయన్ను గుర్తుపెట్టుకున్నది మాత్రం ‘టర్నింగ్ పాయింట్’ కార్యక్రమంలో, ప్రేక్షకులు రాసి పంపిన ప్రశ్నలకు నవ్వుతూ జవాబు చెప్పిన మనిషిగా. తెరకు ఎదురు ప్రశ్న వేయగలిగినప్పుడే జనం తెరను ప్రేమించారు.

2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ వేరు రాష్ట్రమైంది. ఖనిజాలున్నాయి, ఉక్కు ఉంది, ఉన్నత విద్య మాత్రం పలుచన. అజిత్ జోగి నాయకత్వంలోని కాంగ్రెస్ ప్రభుత్వం 2002లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం తెచ్చింది. ఆ చట్టం ప్రకారం గెజిట్‌లో ఒక ప్రకటన వెలువడితే చాలు, విశ్వవిద్యాలయం పుట్టినట్టే. ఏడాది గడిచేసరికి 112 విశ్వవిద్యాలయాలు. మళ్లీ చదవండి, నూట పన్నెండు. స్వాతంత్ర్యానంతరం యాభై ఏళ్లలో ఎన్నో పెద్ద రాష్ట్రాలు పదుల్లోనే ఆగిపోయిన చోట ఒక కొత్త, చిన్న రాష్ట్రం ఏడాదిలో వంద దాటింది. చాలావాటికి భవనం లేదు, ప్రాంగణం లేదు. ఒక గది, ఒక బోర్డు. కానీ రాష్ట్రం వెలుపల ఎక్కడైనా కేంద్రాలు తెరుచుకునే వెసులుబాటు చట్టంలోనే పెట్టారు. రాయపూర్‌లో చిరునామా, దేశమంతటా డిగ్రీల విక్రయం.

దీని మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది ఎవరో కాదు, యశ్‌పాల్. దుర్గ్ పల్లెలకు తెరను పంపిన మనిషే, ముప్పై ఏళ్ల తర్వాత, తరగతి గది లేని విశ్వవిద్యాలయం చెల్లదని అదే ప్రాంతపు ప్రభుత్వం మీద వ్యాజ్యం వేశారు. 2005 ఫిబ్రవరి 11న ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లాహోటీ నేతృత్వంలోని ధర్మాసనం ఆ చట్టంలోని 5, 6 సెక్షన్లను కొట్టివేసింది. వాటి కింద వెలసిన విశ్వవిద్యాలయాలన్నీ రద్దయ్యాయి. ఒకే గదిలో నడుస్తున్న విశ్వవిద్యాలయాల గురించి ఆ తీర్పులోనే ప్రస్తావన ఉంది. చేరిన విద్యార్థుల భవిష్యత్తు దెబ్బతినకుండా, ఆ సంస్థలను రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు అనుబంధం చేసేందుకు చర్యలు తీసుకోవాలని న్యాయస్థానం ప్రభుత్వానికి చెప్పింది.

ఇందులో వైరుధ్యమేమీ లేదు. సైట్‌లో తెర వెనక కార్యక్రమాలు తయారుచేసే కేంద్రాలున్నాయి, తెర ముందు ఉపాధ్యాయుడున్నాడు, ఫలితాన్ని కొలిచే సామాజిక శాస్త్రవేత్తలున్నారు. 2002 చట్టం సృష్టించిన విశ్వవిద్యాలయంలో వీరెవరూ లేరు, ఫీజు రసీదు మాత్రం ఉంది. దూరం నుంచి చెప్పే చదువును అందరికంటే ఎక్కువ నమ్మిన వ్యక్తే దాని నకలును అందరికంటే ముందు గుర్తుపట్టాడు. ఈ వ్యవహారంలో ఒక్క పార్టీనే నిందించడం కూడా సరికాదు. చట్టం తెచ్చింది కాంగ్రెస్. 2003 డిసెంబర్‌లో గద్దెనెక్కిన రమణ్ సింగ్ బీజేపీ ప్రభుత్వం సవరణలతో సరిపెట్టింది. చివరకు తేల్చింది న్యాయస్థానం.

అదే ఏడాది ఏప్రిల్ 30న భిలాయిలో స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. రాష్ట్రంలోని ఇంజనీరింగ్ కళాశాలలు దాని కిందికి వచ్చాయి. ఆ కళాశాలల విద్యార్థులకు ఆ కాలంలోనే మరో గురువు దొరికాడు. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ వీడియోలు. మొదట్లో హార్డ్‌డిస్కుల్లో, హాస్టల్ లాన్‌లో, తర్వాత యూట్యూబ్‌లో. వీటిని ఎవరూ తప్పనిసరి చేయలేదు. సొంత కళాశాలలో అధ్యాపకుడు సరిగా చెప్పని సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌నో, ఫ్లూయిడ్ మెకానిక్స్‌నో పరీక్షకు వారం ముందు, ఒకటిన్నర రెట్ల వేగంతో చూసేందుకు విద్యార్థులు వాటిని వెతుక్కున్నారు. బలవంతం లేని చోట విద్యార్థి తెరను ఎలా వాడుకుంటాడో దీనివల్ల తెలుస్తుంది. కావలసినప్పుడు ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసుకునే నోటుపుస్తకంలా వాడుకుంటాడు. తరగతిని మానేయడానికి కాదు, తరగతిలో పోగొట్టుకున్నది తిరిగి తెచ్చుకోవడానికి.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా ధరలు నేలకు దిగాయి. 2017 జూలై 9న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ స్వయం వేదికను, 32 ఛానెళ్ల స్వయంప్రభను ప్రారంభించారు. సరిగ్గా పదిహేను రోజులకు, జూలై 24న, యశ్‌పాల్ కన్నుమూశారు.

అప్పటికే యూజీసీ 2016 నిబంధనలతో ఒక కోర్సులో 20 శాతం వరకు స్వయం ద్వారా చదివి క్రెడిట్లు పొందవచ్చని అనుమతించింది. 2021 మార్చిలో దాన్ని 40 శాతానికి పెంచింది. మే నెలలో వెలువడిన మిశ్రమ విధాన ముసాయిదాలోనూ 40 శాతం ఆన్‌లైన్ అనే మాటే. ఈ రెండు తేదీల మధ్య ఏం జరిగిందో అందరికీ తెలుసు.

2020 మార్చి 25న దేశం మూతపడింది. ఏప్రిల్ 7న ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ‘పఢాయీ తుంహర్ దువార్’ ప్రారంభించారు. మీ గుమ్మం దగ్గరికే చదువు అని అర్థం. ప్రధానంగా బడి పిల్లల కోసం పెట్టిన ఆన్‌లైన్ వేదిక అది. నాలుగు నెలలు దాటగానే, ఆగస్టు 15న, అదే ప్రభుత్వం ‘పఢాయీ తుంహర్ పారా’ ప్రకటించవలసి వచ్చింది. పారా అంటే వాడ. ఇంటర్నెట్ అందని పిల్లలకు వాడలోనే, చెట్టు కిందో అరుగు మీదో, ఉపాధ్యాయుడు వచ్చి చెప్పే చదువు. లౌడ్‌స్పీకర్ పాఠాలు, బ్లూటూత్ ద్వారా ఫోను నుంచి ఫోనుకు పంచుకునే పాఠాలు కూడా తోడయ్యాయి. గుమ్మం నుంచి వాడకు మారిన ఈ ఒక్క మాటలో ఆ ఏడాది చరిత్ర అంతా ఉంది. తన పథకం చేరలేదని గుర్తించి నాలుగు నెలల్లో దారి మార్చుకోవడం మన ప్రభుత్వాల్లో అరుదు. ఆ మేరకు మెచ్చుకోవాలి.

కళాశాల విద్యార్థికి ఆ అదృష్టం లేదు. అతనికి వాడలో తరగతి పెట్టలేదు. జాతీయ నమూనా సర్వే 2017-18 లెక్కల ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం. పట్టణాల్లో అవి 23.4, 42 శాతాలు. ఆ అంకెల మీద జూమ్ తరగతులు పెట్టారు. ఉచిత ఖాతాలో నలభై నిమిషాలకు తరగతి తెగిపోయేది. ఏప్రిల్ 16న హోంశాఖ జూమ్ సురక్షితం కాదని సలహా పత్రం ఇచ్చింది. మే నెలలో గూగుల్ తన మీట్‌ను అందరికీ ఉచితం చేసింది. ఏ వేదికను ఎంచుకోవాలన్న చర్చ అధ్యాపకుల స్థాయిలో సాగుతుండగా, విద్యార్థి తన ఎంపిక తాను చేసేసుకున్నాడు: వాట్సాప్. పీడీఎఫ్ వస్తుంది, అధ్యాపకుడి గొంతు చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది, సిగ్నల్ ఉన్నప్పుడు దిగుతుంది, లేనప్పుడు కూడా తెరుచుకుంటుంది. అంబేద్కర్ విశ్వవిద్యాలయపు అచ్చుపుస్తకానికి ఉన్న గుణాలే ఇవి.

ఆ నెలల్లోనే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం తన విద్యార్థులను నేరుగా అడిగింది. సుమారు రెండున్నర వేల మంది జవాబిచ్చారు. దాదాపు 90 శాతం మందికి మొబైల్ ఉంది. కానీ ఆన్‌లైన్ తరగతులను అందుకోగలమని చెప్పినవారు 37 శాతమే. మిగతావారికి సిగ్నల్, డేటా ఖర్చు, కరెంటు అడ్డం. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరాన్ని ఏ ‘అభిరుచి’ సర్వే కొలవదు. ఫోను ఉందా అని అడిగితే ఉందనే వస్తుంది. ఆ ఫోను తండ్రిది, ఆయన షిఫ్టుకు వెళ్లేటప్పుడు వెంట తీసుకుపోతాడు అన్న సంగతి ప్రశ్నావళిలోని ఏ గడిలోనూ పట్టదు.

భిలాయిలో ఈ తేడా ఒకే ఊరిలో కనిపిస్తుంది. సెక్టార్ క్వార్టర్‌లో పిల్లవాడికి విడి గది, తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్ ఉండవచ్చు. కాంట్రాక్టు కార్మికుడి ఇంట్లో ఒకే గది, ఒకే ఫోను, ముగ్గురు పిల్లలు. ప్రత్యక్ష తరగతి కావాలా, రికార్డింగ్ కావాలా అని ఇద్దరినీ అడిగితే మొదటివాడు ప్రత్యక్ష తరగతి అంటాడు, ప్రశ్న అడగవచ్చు కాబట్టి. రెండోవాడు రికార్డింగ్ అంటాడు, రాత్రి ఫోను చేతికొచ్చాక చూడవచ్చు కాబట్టి. కెమెరా ఎందుకు ఆపుతున్నావని రెండోవాణ్ణి అడిగితే డేటా అంటాడు. వెనక కనిపించే గోడ గురించి చెప్పడు. ఇద్దరి జవాబులనూ కలిపి సగటు తీసి ‘సగం ప్రత్యక్షం, సగం రికార్డింగ్’ అని ఫలితం ప్రకటిస్తే, ఆ ఫలితం ఇద్దరిలో ఎవరిదీ కాదు. ఆడపిల్లల సంగతి ఇంకా వేరు. ఇంట్లో ఉన్న అమ్మాయి తరగతిలో ఉన్నట్టు ఇంట్లోవారు భావించరు. పొయ్యి మీద పప్పు చూడమంటారు. కళాశాలకు వెళ్లే బస్సు ఆమెకు ప్రయాణ సాధనం మాత్రమే కాదు, రోజులో కొన్ని గంటలు తనవి అనిపించే ఏర్పాటు.

పరీక్షల దగ్గరికి వచ్చేసరికి ఇష్టం తలకిందులైంది. 2020 జూలై 6న యూజీసీ చివరి సంవత్సరం పరీక్షలు సెప్టెంబర్‌లోగా జరపాల్సిందేనని చెప్పింది. ఆగస్టు 28న సుప్రీంకోర్టు సమర్థించింది. ఛత్తీస్‌గఢ్ విశ్వవిద్యాలయాల్లో ప్రశ్నపత్రం ఆన్‌లైన్‌లో దించుకుని, ఇంట్లో కాగితం మీద రాసి, జవాబుపత్రాన్ని కళాశాలకు చేర్చే పద్ధతి వచ్చింది. 2022 ఆరంభంలో కళాశాలలు తెరుచుకున్నాక దేశంలో అనేక చోట్ల విద్యార్థులు వీధిన పడి పరీక్షలు మాత్రం ఆన్‌లైన్‌లోనే పెట్టాలని కోరారు. పత్రికల్లో కొందరు పెద్దలు వారిని బద్ధకస్తులన్నారు. రెండేళ్లు గదిలో పాఠం చెప్పకుండా, గదిలో పరీక్ష పెడతామంటే ఎవరైనా ఏమంటారు? బోధన జరిగిన తీరులోనే పరీక్ష జరగాలన్నది అన్యాయమైన కోరికేమీ కాదు. ఇంటి నుంచి రాసిన పరీక్షల్లో కాపీ విస్తారంగా జరిగిందన్నదీ నిజమే. ఆ డిగ్రీలను ఉద్యోగమిచ్చేవారు అనుమానంగా చూస్తే నష్టపోయేది కూడా ఆ విద్యార్థులే.

ఇక మార్కెట్. విద్యార్థి మనసు తెలుసుకోవడంలో యూజీసీ కంటే వ్యాపారికి తొందర ఎక్కువ, డబ్బు అతనిది కాబట్టి. 2021 ఏప్రిల్‌లో బైజూస్ సుమారు వంద కోట్ల డాలర్లు పోసి కొన్నది ఏమిటి? ఆకాశ్ అనే తరగతి గదుల గొలుసు. 2022లో అన్‌అకాడమీ కోటాలో కేంద్రం తెరిచింది. యూట్యూబ్‌లో పుట్టిన ఫిజిక్స్ వాలా విద్యాపీఠాల పేరిట గదులు తెరిచింది. తెర మీద కోట్ల మందిని చేర్చుకున్న కంపెనీలన్నీ బెంచీలు కొనుక్కున్నాయి. 2024 జూలైలో బైజూస్ మాతృసంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఐఐటీ ప్రవేశాల మోజుకు పేరుపడ్డ భిలాయిలో కోచింగ్ గదులు మళ్లీ నిండాయి. ఫీజు కట్టగలిగిన కుటుంబం గదినే కొనుక్కుంది, రాత్రి సందేహాలకు యాప్‌ను పక్కన పెట్టుకుంది.

కొనుక్కోలేనివారి సంగతి ప్రభుత్వం చూసుకోవాలి. అక్కడే 40 శాతం లెక్క రాజకీయమవుతుంది. ప్రభుత్వ కళాశాలల్లో అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటాయి, ‘అతిథి వ్యాఖ్యాత’ల మీద బండి నడుస్తుంది. ఇది ఛత్తీస్‌గఢ్‌కు, మన రెండు రాష్ట్రాలకు సమానంగా వర్తించే సంగతి. ఒక సబ్జెక్టుకు మనిషి లేనప్పుడు స్వయం కోర్సు చూపించి క్రెడిట్లు ఇచ్చే వీలు నిబంధనల్లో ఉంటే, ఆ మనిషిని నియమించాలన్న ఒత్తిడి ఎవరి మీద ఉంటుంది? తెర చెడ్డదని నేను అనడం లేదు. మద్రాసు ఐఐటీ ఆచార్యుడి పాఠం బేమెతరా విద్యార్థికి అందడం చిన్న విషయం కాదు. ఆ పాఠం విన్నాక వచ్చిన సందేహాన్ని ఎవరిని అడగాలన్నదే ప్రశ్న. 1975లో ఆ సందేహం తీర్చే మనిషిని పక్కన కూర్చోబెట్టారు. 2021 నిబంధనల్లో కోర్సుకు స్థానికంగా ఒక మార్గదర్శకుణ్ణి చూడాలని రాశారు. ఎక్కువ చోట్ల ఆయన అప్పటికే మూడు సబ్జెక్టులు చెబుతున్న అతిథి వ్యాఖ్యాతే.

దుర్గ్ జిల్లాలోనే దీనికి మరో కొస ఉంది. భిలాయి ఐఐటీ 2016లో రాయపూర్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల ప్రాంగణంలో అరువు గదుల్లో మొదలైంది. దేశంలో ఉత్తమ ఇంటర్నెట్, ఉత్తమ వీడియో పాఠాలు అందుబాటులో ఉండే సంస్థల్లో అదొకటి. తెర ఒక్కటే సరిపోతుందన్న వాదన ఎక్కడైనా నెగ్గాలంటే అక్కడే నెగ్గాలి. అయినా 2018 జూన్‌లో దానికి శాశ్వత ప్రాంగణం కోసం శంకుస్థాపన చేశారు. కుటేలాభాఠాలో సుమారు 400 ఎకరాల్లో తరగతి గదులు, ప్రయోగశాలలు, హాస్టళ్లు కట్టారు. ఎవరూ ఆ విద్యార్థులకు సర్వే పెట్టి, గది కావాలా తెర కావాలా అని అడగలేదు. అడగవలసిన ప్రశ్నే కాదనుకున్నారు. ఆ ప్రశ్న ఎదురయ్యేది అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో హేమ్‌చంద్ యాదవ్ విశ్వవిద్యాలయం కింద బీఏ, బీఎస్సీ చదివేవారికి.

2024 ఫిబ్రవరి 20న ప్రధాని మోదీ ఆ ఐఐటీ ప్రాంగణాన్ని జాతికి అంకితం చేశారు. కార్యక్రమం జరిగింది జమ్మూలో. కుటేలాభాఠాలో దాన్ని తెర మీద చూశారు.